ఇంటిపేరు తెలియని చుట్టం

మొన్న మా అమ్మాయి బ్యాడ్మింటన్ పోటీలకి ఫారం నింపుతూ మధ్యలో ఆగిపోయింది. "నాన్నా, ఇక్కడ సర్‌నేమ్ అని అడుగుతున్నాడు. నీ పేరు చివర నాయుడు ఉంది కదా, నాది కూడా అదేనా? మరి ఆధార్‌లో నాకు యర్రంశెట్టి అని ఉందేంటి?" అంది. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది గానీ నోట్లో జవాబు లేదు. నలభై ఏళ్ల కిందట ఇదే విషయం మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే నడిచింది. ఒకవైపు తాతయ్య, ఇంకోవైపు నాయనమ్మ. మధ్యలో నలిగిపోయిన మనిషి క్రికెటర్ సి.కె.నాయుడు.

మాది బందరు. బోర్డుల మీద మచిలీపట్నం అని రాస్తారు గానీ ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరి నోటా ఆ మాట రాదు. ఈడేపల్లిలో పెంకుటిల్లు, ముందు అరుగు, అరుగు మీద తాతయ్య పడక్కుర్చీ, వెనక కిటికీలో రేడియో. క్రికెట్ కామెంటరీ వచ్చే రోజుల్లో ఆ రేడియో జోలికి వెళ్ళే ధైర్యం నాయనమ్మకి కూడా ఉండేది కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా స్కూల్లో క్విజ్ పెట్టారు. టెస్టుల్లో భారత జట్టుకి మొదటి కెప్టెన్ ఎవరని అడిగితే చటుక్కున చెయ్యెత్తి సి.కె.నాయుడు అన్నాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. "సరోజినీ నాయుడి గారి అన్నయ్యండీ" అని కూడా కలిపాను. మాస్టారు నవ్వారు, ఆయన్ని చూసి క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే తాతయ్య కూడా నవ్వాడు. సరోజినీ దేవి పుట్టింటివాళ్ళు బెంగాలీలు, ఛటోపాధ్యాయలు. ఆవిడ నాయుడు అయింది పెళ్ళితో. భర్త గోవిందరాజులు నాయుడు గారి ఇంటిపేరు ముత్యాల. ఇదంతా చెప్పి, "పేరు చివర నాయుడున్న వాళ్ళంతా అన్నాచెల్లెళ్ళయితే ఇంక మనకి సంబంధాలు ఎక్కడ దొరుకుతాయిరా?" అన్నాడు.

అలా అన్న మనిషి, మరు నిమిషంలోనే, "అయితే సి.కె. మాత్రం మనవాడేరోయ్. వాళ్ళ పెద్దలది బందరే" అన్నాడు.

వంటింట్లోంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఇంటిపేరేంటో తెలియకుండా చుట్టరికం ఏంటండీ?"

తాతయ్య దగ్గర దానికి జవాబు లేదు. మన దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు కనిపిస్తే మొదట అడిగేది ఊరు, తరవాత ఇంటిపేరు. ఆ రెండూ తెలిస్తే పది నిమిషాల్లో ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చేస్తారు. నాయుడు అన్నది ఆ లెక్కలో దేనికీ అక్కరకు రాదు. అది ఇంటిపేరు కాదు, పేరుకి చివర తగిలించే గౌరవం. నాలుగైదు కులాలవాళ్ళు పెట్టుకుంటారు. శ్రీకాకుళం వైపు వెళితే ఉత్తి నాయుడు అన్నదే అసలు పేరు అయిన మనుషులు బోలెడుమంది. కాబట్టి నాయనమ్మ దృష్టిలో సి.కె. ఎంత గొప్పవాడైనా, ఆ 'సి' ఏంటో తేలేదాకా వీధిలో మనిషే.

ఆ 'సి' తేల్చే పని నా మీద పడింది. అప్పట్లో గూగుల్ ఎక్కడిది? గ్రంథాలయానికి వెళ్ళి క్రికెట్ పుస్తకం ఏదుంటే అది ఇమ్మని అడిగాను. అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చారు. రెండు సాయంత్రాలు వేలు పెట్టి వెతికితే దొరికింది. కొట్టారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టాడు. తాత నారాయణస్వామి నాయుడు అక్కడ లాయరు. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అది కొట్టారో కొఠారో కఠారో చెప్పడం కష్టం. నోట్‌బుక్కులో మూడూ రాసుకుని పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

నాయనమ్మ కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. "మనవైపు ఆ ఇంటిపేరు వాళ్ళెవరూ లేరు" అని తీర్పు చెప్పింది. నాకు నీరసం వచ్చేసింది. తాతయ్యకి మాత్రం మొహం వెలిగిపోయింది. "ఇంకా మంచిది. ఇంటిపేరు ఒకటే అయితే దాయాదులం అయిపోయేవాళ్ళం. వేరు కాబట్టి వియ్యమందచ్చు!"

ఆ రోజు నుంచీ మా ఇంట్లో సి.కె.నాయుడు తాతయ్యకి వియ్యంకుడు. అప్పటికే ఆయన పోయి పదిహేనేళ్ళయింది. 1967 నవంబరు 14న ఇందూరులో, అదే ఇండోర్‌లో, కాలం చేశాడు. అంత చిన్న విషయానికి వియ్యం ఆగుతుందా?

తాతయ్య జీవితంలో ఒక్కసారి కూడా సి.కె. ఆట చూడలేదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరవాత గానీ తట్టలేదు. ఎందుకంటే ఆయన చెబుతుంటే పక్కన నిలబడి చూసినట్టే ఉండేది. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానం. ఇంగ్లండ్ నుంచి ఆర్థర్ గిల్లిగన్ తీసుకొచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు ఆడుతోంది. (అప్పట్లో జట్లు మతాలవారీగా ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది.) సి.కె. బ్యాటు పట్టుకుని దిగాడు, రెండు గంటలైనా పట్టకుండా 153 కొట్టాడు. అందులో 11 సిక్సర్లు. చుట్టుపక్కల మేడలూ చెట్లూ జనంతో నిండిపోయాయట. తాతయ్య ఆ 11 సిక్సర్లనీ చేతి కర్రతో ఒక్కొక్కటీ కొట్టి చూపించేవాడు. ఏడో సిక్సరు దగ్గర ఎప్పుడూ నాయనమ్మ వడియాల పళ్ళెం ప్రమాదంలో పడేది.

వీళ్ళు మనతో సమానంగా ఆడగలరు, వీళ్ళకీ ఒక బోర్డు ఉండాలి అని గిల్లిగన్‌కి గట్టిగా అనిపించింది ఆ ఇన్నింగ్స్ చూశాకే అంటారు. రెండేళ్లకి, 1928లో, భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదటి టెస్టు. నిజానికి ఆ జట్టుకి నాయకుడిగా వెళ్ళింది పోర్‌బందర్ మహారాజు. తన ఆట సంగతి ఆయనకే తెలుసు కాబట్టి పక్కకి తప్పుకున్నాడు. వైస్ కెప్టెన్‌కి దెబ్బ తగిలింది. అలా కెప్టెన్సీ సి.కె.కి దక్కింది. మహారాజులు రాజ్యమేలే కాలంలో మామూలు ఇంటి మనిషి చేతికి జట్టు పగ్గాలు రావడం చిన్న విషయం కాదు. ఆ పొద్దున మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్ కలిసి ఇంగ్లండ్‌ని 19 పరుగులకి 3 వికెట్ల దగ్గర నిలబెట్టారు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళ తరఫున అందరికన్నా ఎక్కువ కొట్టింది సి.కె.నే, 40. మ్యాచ్ 158 పరుగులతో ఓడిపోయాం. తాతయ్య ఓడిపోయిన సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు, ఇంట్లో ఎవరో పోయినట్టు.

అదే పర్యటనలో బర్మింగ్‌హామ్‌లో కొట్టిన సిక్సరు కథే అన్నిటికన్నా నాకు ఇష్టం. ఎడ్జ్‌బాస్టన్ మైదానం పక్కన రే అని చిన్న నది ఉంది. అప్పట్లో రెండు కౌంటీలకి అదే సరిహద్దు. సి.కె. కొట్టిన బంతి ఆ నది దాటిందని చెబుతారు. అంటే వార్విక్‌షైర్‌లో కొడితే వూస్టర్‌షైర్‌లో పడింది. ఆ పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. తాతయ్య సులువు చేసి చెప్పాడు. "పులిగడ్డలో కొడితే పెనుమూడిలో పడిందనుకో." మధ్యలో కృష్ణానది. ఇటు మా కృష్ణా జిల్లా, అటు అప్పటి గుంటూరు జిల్లా. అప్పటికి అక్కడ వారధి కూడా లేదు, దాటాలంటే పడవే గతి. చాలా ఏళ్ళపాటు నేను నిజంగానే ఆ బంతి కృష్ణ మీదుగా ఎగిరి వెళ్ళిందనే ఊహించుకున్నాను. ఆ తరవాత ఎప్పుడో ఎడ్జ్‌బాస్టన్ నది ఫొటో చూసి ఉసూరుమన్నాను. మా ఊరి పంటకాలవంత ఉంది.

పళ్ళ కథ ఇంకోటి. యాభై ఆరేళ్ళ వయసులో రంజీ మ్యాచ్ ఆడుతుంటే దత్తూ ఫడ్కర్ వేసిన బౌన్సర్ మూతికి తగిలి రెండు పళ్ళు ఊడిపడ్డాయట. సి.కె. వాటిని బ్యాటుతో పిచ్ మీంచి పక్కకి ఊడ్చేసి, మళ్ళీ వెయ్యమన్నాడట. ఈ కథ చెప్పేటప్పటికి తాతయ్యకి పైవరస పూర్తిగా కట్టుడు పళ్ళే. అన్నంలో మామిడి టెంక తగిలితే అరగంట సేపు మూలిగేవాడు. నాయనమ్మ వెంటనే, "మీ వియ్యంకుడైతే టెంకని పక్కకి ఊడ్చేసి ఇంకో ముద్ద పెట్టమనేవాడు" అనేది.

తమ్ముడు సి.ఎస్. సంగతి చెప్పకపోతే అన్యాయం. అన్న నీడలో పడి జనం మరిచిపోయారు గానీ ఆయన ఖాతాలో ఉన్న రికార్డు అలాంటిలాంటిది కాదు. 1944-45 రంజీ ఫైనల్, బొంబాయి మీద హోల్కర్, అంటే ఇండోర్ సంస్థానం జట్టు. కొట్టారి సుబ్బన్న నాయుడు ఆ ఒక్క మ్యాచ్‌లో 152.5 ఓవర్లు లెగ్ స్పిన్ వేశాడు. 917 బంతులు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. ఇప్పటి బౌలర్ నాలుగు ఓవర్లు వేసి వచ్చి తొడ పట్టేసిందని కూర్చుంటున్నాడు. ఆ మ్యాచ్‌లో హోల్కర్ తరఫున డెనిస్ కాంప్టన్ అనే ఇంగ్లీషువాడు 249 కొట్టి నాటౌట్‌గా మిగిలినా బొంబాయే గెలిచింది. తాతయ్య దీన్ని వ్యవసాయంతో పోల్చేవాడు. "అన్న పెళ్ళికొడుకులా ఊరేగాడు. తమ్ముడు అరక దున్నాడు."

మా ఇంటి పిచ్చి వీధిలోకి కూడా పాకింది. మా వీధిలో నాయుడు అని చివర ఉన్న పిల్లలం ముగ్గురం. ఎవరు సి.కె., ఎవరు సి.ఎస్. అని వంతులేసుకునేవాళ్ళం. రబ్బరు బంతిని పక్కింటి పెంకులు దాటిస్తే ఆ పూటకి వాడు సి.కె. పెంకు పగిలితే మాత్రం వాడికి ఆ పూట ఇంటిపేరు కూడా ఉండదు, దొరికినవాడికి తిట్లు.

ఒక వేసవిలో విజయనగరం నుంచి మా మావయ్య వచ్చాడు. ఈ నాయుళ్ళ గోలంతా విని, "మీ నాయుడు బంతి కొడితే నది దాటింది సరే. మా నాయుడు రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు" అన్నాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. కుస్తీ, బరువులు, సొంత సర్కస్సు. గుండెల మీద ఏనుగు నిలబడేది, ఇనప గొలుసులు తెంచేవాడు, బయల్దేరిన మోటారు కారుని కదలకుండా ఆపేవాడు. కలియుగ భీముడని పేరు. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంటుంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. మేము ముందు ఇంటిపేరు విని కిసుక్కుమన్నాం. అప్పుడు తట్టలేదు గానీ ఇప్పుడు ఆలోచిస్తే చిత్రంగా ఉంటుంది. ఆయన విషయంలో జనం నాయుడుని వదిలేసి కోడిని ఉంచుకున్నారు. కోడి రామ్మూర్తి అంటేనే అందరికీ తెలుస్తుంది. సి.కె. విషయంలో అచ్చంగా తలకిందులు. కొట్టారి ఒక్క అక్షరంలోకి ముడుచుకుపోయి నాయుడు మిగిలింది. సొంత గడ్డ మీద ఉన్నవాడికి ఇంటిపేరు నిలిచింది. దూరం వెళ్ళినవాడికి చివర ఉన్నది నిలిచింది.

మద్రాసులో ఇంకో రకం. దక్షిణాది క్రికెట్‌కి ఆద్యుడని చెప్పుకునే బుచ్చిబాబు నాయుడు ఇనీషియల్ ఎం. ఆయన కొడుకు రామస్వామిది సి. తల్లి వైపు తాతగారికి దత్తు వెళ్ళడంతో కోటా రామస్వామి అయ్యాడు. నాయుడు ఎక్కడా వినిపించదు. ఆయన 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు, 1936లో నలభై ఏళ్ళ వయసులో మాంచెస్టర్‌లో క్రికెట్ టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. 1985లో, తొంభై దగ్గరపడ్డాక, ఓ రోజు ఇంట్లోంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. పేపర్లో ఆ వార్త చదివి తాతయ్య ఆ పూట రేడియో పెట్టలేదు.

ఈ ఇంటిపేర్ల తికమక ఇప్పటికీ టీవీలో చూస్తూనే ఉన్నా. అంబటి రాయుడిని దేశమంతా అంబటి అన్నది పేరు, రాయుడు అన్నది ఇంటిపేరు అనుకుంది. ఉన్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. సింధు ఆడుతుంటే స్కోరుబోర్డు మీద పూసర్ల అని పడుతుంది, అక్కడ మాత్రం లెక్క సరిపోయింది. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ 114 కొట్టినప్పుడు కామెంటేటర్లంతా రెడ్డి రెడ్డి అని అరిచారు. వాడి ఇంటిపేరు కాకి. కోడి తరవాత కాకి! తాతయ్య ఉంటే ఆ రోజు ఎంత సంబరపడేవాడో.

మా అమ్మాయి ప్రశ్నలో ఇంకో కోణం ఉంది, దానికి నేను నిజంగానే తడుముకున్నాను. "నీకు నాయుడు ఉండి నాకెందుకు లేదు?" అంటే మా ఇళ్లల్లో ఆడపిల్లలకి చివర నాయుడు పెట్టే అలవాటు లేదు, అంతే. కానీ సి.కె. కూతురు చంద్రా నాయుడు అది పెట్టుకున్నారు. ఇండోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. 1977లో అక్కడ బొంబాయికీ ఎం.సి.సి.కీ మ్యాచ్ జరిగితే మైకు ముందు కూర్చుని కామెంటరీ చెప్పారు. మన దేశంలో ఆడవాళ్ళలో క్రికెట్ కామెంటరీ చెప్పిన మొదటి మనిషి ఆవిడే. 2021లో పోయారు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, చివరికి యర్రంశెట్టి అనే రాసింది. "ఆధార్‌తో మ్యాచ్ కాకపోతే టెన్షన్ నాన్నా" అంది. చరిత్ర ఎంత చెప్పినా ఆధార్ ముందు దిగదుడుపే.

నాకు మొదటి పోస్టింగు నాగపూర్‌లో, బ్యాంకులో, 1996లో. అక్కడ ఇంటిపేరు చెబితే కొందరు శెట్టి అని పిలిచారు, మంగుళూరువాణ్ణి అనుకుని. నాయుడు అంటే 'నాయడూ సాహెబ్' అన్నారు. అదే నయమనిపించింది. అప్పటికి నేను నా పేరు నాయుడుతోనే చెప్పుకోవడం మొదలుపెట్టానన్న సంగతి గమనించలేదు. కనకయ్య గారి తాతకి కూడా ఆ ఊళ్ళో ఇలాగే జరిగుంటుందా అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఓ ఆదివారం సివిల్ లైన్స్‌లో దారి తప్పి తిరుగుతుంటే వీధి బోర్డు కనిపించింది. మరాఠీ అక్షరాల్లో సి.కె.నాయడూ మార్గ్. పెద్ద చెట్లు, ప్రభుత్వ బంగళాలు, మధ్యాహ్నం ఎండలో ఒక్క మనిషి లేడు. నేను ఆ బోర్డు కింద నిలబడి ఏం చెయ్యాలో తెలియక, దణ్ణం పెడితే ఎవరైనా చూస్తారేమో అని, చేత్తో ఒకసారి తాకి వచ్చేశాను. ఆ రాత్రి తాతయ్యకి ఇన్‌లాండ్ లెటర్ రాశాను. "మీ వియ్యంకుడి పేరుతో ఇక్కడ పెద్ద రోడ్డే ఉంది. ఇవాళ ఆ రోడ్డు మీద నడిచాను." పనిలోపనిగా ఇంకో సంగతి కూడా రాశాను. అప్పుడే తెలిసింది అది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ సీజన్‌లో ఆంధ్ర తరఫున ఆడినవాళ్ళలో సి.కె. ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో. ఆ తరవాత కూడా మానలేదు, 1956-57లో ఉత్తరప్రదేశ్‌కి ఆడాడు. ఆ మధ్యలోనే పద్మభూషణ్ వచ్చింది.

పది రోజులకి జవాబు వచ్చింది. తాతయ్యకి అప్పటికి చెయ్యి వణుకు, అక్షరాలు కొండలెక్కి దిగుతున్నట్టున్నాయి. ఆరోగ్యం సంగతీ మామిడికాయల సంగతీ అయ్యాక కింద రాశాడు. "సొంత రాష్ట్రం వచ్చింది, కబురు పెట్టగానే వచ్చి ఆడాడు. చుట్టమైతేనే అలా వస్తాడు. ఈసారి ఆ రోడ్డు మీదికి వెళితే నేను అడిగానని చెప్పు."

ఆ పక్కన మార్జిన్‌లో, చోటు లేక నిలువుగా, నాయనమ్మ గుండ్రటి అక్షరాలు. "ముందు ఇంటిపేరు సరిగ్గా ఎలా రాస్తారో కనుక్కో."